గాయపడిన మొక్కల బల్ల

"చచ్చిన పురుగు ఒక్కటైనా దొరికిందా మీకు?"

నిదానం గారి మొదటి ప్రశ్న అదే. గ్రీన్‌హౌస్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ సెక్యూరిటీ ఆఫీసరు ఆ ప్రశ్న వినగానే మీసాన్ని ఒకవైపు మాత్రమే మెలేశాడు. రెండోవైపు మెలేయడానికి చేతిలోని తాళాలగుత్తి అడ్డొచ్చింది.

"శవం లేని కేసులు నేను చాలా చూశాను మాస్టారూ. పోలీసు డిపార్టుమెంటులో జుట్టు నెరిసినవాణ్ణి. మీలాగా కాలేజీలో పాఠాలు చెప్పుకుని, రిటైరయ్యాక సరదాకి డిటెక్టివ్‌నయ్యానని బోర్డు పెట్టుకోలేదు."

"బోర్డు పెట్టింది నేనండీ," అంది వెనకనుంచి మరదలు. "ఆయన్ని పెట్టుకోమంటే అక్షరాలు ఏ రంగులో ఉండాలో ఇప్పటికీ ఆలోచిస్తూ ఉండేవారు. కాస్త జరిగితే లోపలికి వెళతాం."

అసలు పేరు ఎప్పుడో మరుగున పడి, ఆయన ఊరందరికీ నిదానం గారైపోయాడు. నడక నిదానం, మాట నిదానం, టీ తాగడం మరీ నిదానం. భార్య పోయాక ఆయన్ని తొందరపెట్టే పని ఆవిడ చెల్లెలి మీద పడింది. ఆ చెల్లెలు మెయిన్ రోడ్డులో మందుల షాపు నడుపుతుంది. కేసు వచ్చిందంటే షట్టరు దించేసి బావగారి వెంట బయల్దేరుతుంది. ఆయన కళ్ళజోడు, గొడుగు, మతిమరుపు మూడూ ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉంటాయని షాపు పక్కవాళ్ళు నవ్వుతుంటారు.

ఆఫీసరు జరిగాడు. పన్నెండున్నర అయింది. నాలుగింటికి విచారణ కమిటీ వస్తుంది. ఈలోగా సంగతి తేలకపోతే ఇక్కడ మొక్కల మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ ఉద్యోగం ఊడుతుంది. ఊడటం ఒక్కటే అయితే ఆ పిల్ల ఓర్చుకునేది. దొంగ లెక్కలు చూపించి అందరినీ మోసం చేసిందన్న మచ్చతో ఊడుతుంది. అది జన్మకి వదలదు.

డాక్టరమ్మ లోపల బల్ల దగ్గర నిలబడి ఉంది. పాతికేళ్ళు దాటి ఎంతో కాలేదు. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు చెబుతున్నాయి, ఏడవలేదన్నట్టు నోరు చెబుతోంది. ఆయన్ని చూడగానే పక్కనున్న స్టూలు తుడిచి ముందుకు జరిపింది. తన కొంప మునుగుతున్న రోజున కూడా ఎదుటివాడి మోకాళ్ళ సంగతి గుర్తుపెట్టుకున్న మనిషి అబద్ధాలాడుతుందంటే నమ్మడం కష్టమే అనుకున్నాడు నిదానం గారు. కానీ డిటెక్టివ్ అన్నవాడు స్టూలుకి అమ్ముడుపోకూడదు కాబట్టి, కూర్చుంటూనే కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ఎదురుగా రెండు బల్లలు. ఒక్కో బల్ల మీద పన్నెండు టమాటా కుండీలు. ఎడమ బల్లకి 'గాయపడని మొక్కలు' అని, కుడి బల్లకి 'గాయపడిన మొక్కలు' అని అట్టముక్కల మీద చక్కటి దస్తూరీతో రాసి ఉంది.

"ముందు నాకు పాఠం చెప్పమ్మా. నేను వెనక బెంచీ కుర్రాణ్ణనుకో."

"ఆకుని పురుగు కొరికితే మొక్క ఊరుకోదు సార్. లోపల జాస్మోనిక్ ఆమ్లం అని ఒక హార్మోను తయారవుతుంది. మల్లెపూల అత్తరులో ఉండే ఒక పదార్థానికి దగ్గర చుట్టం, అందుకే ఆ పేరు. అది ఆకు ఆకుకీ వెళ్ళి దొంగలొచ్చారని గంట కొడుతుంది. అప్పుడు ఆకుల్లో కొన్ని పదార్థాలు పుడతాయి. అవి తిన్న పురుగుకి తిండి అరగదు. కడుపు నిండినట్టే ఉంటుంది గానీ ఒంటికి పట్టదు. ఎదగలేక, ఆ మొక్క వదిలేసి పోతుంది."

"అంటే చంపదు. అజీర్తి చేస్తుంది."

"అవును సార్. నేను పట్టకారుతో ఆకుల్ని నొక్కి చిన్న గాయం చేస్తాను. పురుగు కొరికిందనుకుని మొక్క ముందే సిద్ధమైపోతుంది. నాలుగుసార్లు చేసి చూపించాను. ప్రతిసారీ గాయపడిన బల్ల నిలబడింది, రెండో బల్ల తుడిచిపెట్టుకుపోయింది. ఇది ఐదోసారి. సోమవారం మధ్యాహ్నం గాయం చేశాను, మంగళవారం పొద్దున లద్దెపురుగుల్ని వదిలాను. ఇవాళ గురువారం. మీరే చూడండి."

చూశాడు. ఎడమ బల్ల మీద ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. అది అనుకున్నదే. కుడి బల్ల మీద కూడా వరసగా పది మొక్కలు అలాగే ఉన్నాయి. చిటారున ఒకటో రెండో ఆకులు, మిగతాదంతా పుల్లలు. చివరి రెండు మొక్కలు మాత్రం పచ్చగా, బడికి మొదటిరోజు వెళ్ళే పిల్లల్లా నిక్కి నిలబడ్డాయి.

"అదుగో, అక్కడే దొరికిపోయింది!" అన్నాడు ఆఫీసరు, తలుపు దగ్గర్నుంచి. "నా రిపోర్టు వినండి. మొక్క తనని తాను కాపాడుకోవడమంతా కట్టుకథ. ఈవిడ ఇన్నాళ్ళూ గుట్టుగా పురుగుమందు కొట్టి నాటకమాడింది. ఈసారి రెండు మొక్కలకి కొట్టేసరికి మందు అయిపోయింది. అందుకే రెండు బతికాయి, పది పోయాయి. స్టోర్‌రూములో పురుగుమందు డబ్బా పట్టుకున్నాను. ఖాళీ డబ్బా!"

డాక్టరమ్మ ఒక అడుగు ముందుకి వేసింది. "అది తోటపనివాళ్ళ డబ్బా..."

"అందరూ అలాగే అంటారు."

నిదానం గారు ఆ మాటలేవీ తన గురించి కానట్టు, బతికిన మొక్క ఆకు ఒకటి మెల్లగా తిరగేశాడు. కింద ఒక పురుగు ఉంది. సన్నగా, వెలవెలబోతూ, అత్తారింట్లో తొలిరోజు అల్లుడిలా ఏం తినాలో తెలియక అటూ ఇటూ చూస్తోంది. పక్క కుండీ మొక్కమీది పురుగు దీనికి మూడింతలు లావుంది. ఈ పచ్చ మొక్క పైన, రెండు ఆకుల మధ్య ఒక సాలీడు గూడు. సాలీడు కులాసాగా కాళ్ళు కదుపుతోంది.

"మరదలా, ఇలా రా. ఈయన్ని చూడు."

"ఎవర్ని, పురుగునా?"

"బక్కగా ఉన్నాడు గానీ బతికే ఉన్నాడు. పైన సాలీడూ బతికే ఉంది. మందు కొడితే ఇద్దరూ పోవాలి కదా?" ఆయన ఆఫీసరు వైపు తిరిగాడు. "అందుకే అండీ గుమ్మంలో అడిగింది, చచ్చిన పురుగు దొరికిందా అని. దొరకలేదు. ఈ రెండు మొక్కలకి ఎవరూ ఏమీ చెయ్యలేదు. అమ్మాయి చెప్పినట్టే అవి తమని తాము కాపాడుకున్నాయి. కాబట్టి మన ప్రశ్న తిరగబడింది. రెండు ఎందుకు బతికాయని కాదు, పది ఎందుకు ఓడిపోయాయని."

ఆఫీసరు ముఖం కందగడ్డ అయింది. "పాఠాలు నాకు చెప్పకండి! నాకు తెలిసింది ఒక్కటే. ఈ పిల్లకి జాలి లేదు. ఆ పట్టకారు పట్టుకుని వస్తుంటే వాళ్ళు ఎలా వణికిపోతారో నేను కళ్ళారా చూశాను!"

"ఎవరు వణికిపోతారు?" అన్నాడు నిదానం గారు, చాలా మెల్లగా.

ఆఫీసరు తాళాలగుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఎవరేమిటి... ఇక్కడ పనిచేసేవాళ్ళు."

"ఓహో," అన్నాడు నిదానం గారు.

ఆఫీసరు బూట్లు టకటకలాడిస్తూ వెళ్ళిపోయాడు. మరదలు మాత్రం బావగారి 'ఓహో' విని చెవులు రిక్కించింది. ఆయన 'ఓహో'లు రెండు రకాలు. ఒకటి వినలేదని, రెండోది వినకూడనిది విన్నానని. ఇది రెండో రకం.

"ఇక్కడికి ఎవరెవరు రాగలరమ్మా?"

"నేనూ, సెక్యూరిటీ వాళ్ళూ సార్. నీళ్ళు కూడా నేనే పోస్తాను. సాయంత్రం ఐదున్నరకి నేను వెళ్ళాక, ఆఫీసరు గారు ఒకసారి చుట్టూ తిరిగి తాళం వేస్తారు."

మరదలు ఈలోపల కుండీల మీదికి వంగి, ఒక్కొక్కదాన్నీ వాసన చూస్తోంది. కుడి బల్ల మొదటి కుండీ దగ్గర ఆగింది. మట్టి మీద తెల్లగా, ఎండిన పాలమరకలాంటి చార ఉంది. గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బావగారూ, పుల్లగా ఉంది వాసన."

"నువ్వు వంట చేసి వచ్చావేమో."

"వెటకారాలు తరవాత. ఈ వాసన నాకు రోజూ తగిలేదే. షాపులో తలనొప్పి మాత్రల డబ్బా మూత తీసి మర్చిపోతే, చెమ్మకి పాడై ఇలాగే పులుపు కొడతాయి." ఆవిడ వరసగా కుండీలు చూసుకుంటూ వెళ్ళింది. "దీనికీ ఉంది. దీనికీ ఉంది... ఇదిగో, పదోదాకా ఉంది. చివరి రెంటికీ లేదు."

"పదే ఎందుకు?"

"అడిగిన మనిషికి మరదలు మందుల షాపు నడుపుతోందా, ఇనుప సామాను కొట్టా?" అని ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఒక షీటుకి పది మాత్రలు. షీటు అయిపోయింది, రెంటికి అందలేదు!"

డాక్టరమ్మ బల్ల అంచు పట్టుకుంది. "ఆస్పిరినా? మొక్కలకి ఆస్పిరిన్ పోశారా?"

"పోస్తే ఏమవుతుందమ్మా?"

"సార్, మొక్కలో ఇంకో హార్మోను ఉంది. సాలిసిలిక్ ఆమ్లం. అది రోగాలొచ్చినప్పుడు లేచే హార్మోను. పురుగుల హార్మోనుకీ దీనికీ పడదు. ఒక వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళలాగా, ఇది గొంతు పెంచితే అది మూతి ముడుచుకుని గదిలోకి పోతుంది. ఆస్పిరిన్ ఈ సాలిసిలిక్ ఆమ్లం ఇంటి బిడ్డే. గాయం చేసిన సాయంత్రమే ఆస్పిరిన్ పోస్తే..." ఆ పిల్ల గొంతులో ఏడుపు పోయి వేరే ఏదో వచ్చింది. "గంట మోగదు సార్! దొంగలొచ్చారని మొక్కకి తెలిసినా, ఊళ్ళోవాళ్ళని లేపలేదు. ఆకుల్లో ఆ పదార్థాలే పుట్టవు. పురుగులకి విందు!"

"అంటే నీ లెక్క తప్పు కాలేదు."

"తప్పు కాకపోవడం కాదు సార్, ఇంకా గట్టిపడింది! ఈ ప్రయోగం వచ్చే ఏడాది నేనే చెయ్యాలనుకున్నాను. ఎవరో ముందే చేసేశారు!"

"ఆ ఎవరో మనకి కావాలిగా," అంటూ నిదానం గారు లేచాడు. లేవడానికి పట్టిన సమయంలో మరదలు రెండుసార్లు గడియారం చూసింది.

సెక్యూరిటీ గది గేటు పక్కనే ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. కిటికీలో ఒక గాజు గ్లాసు, అందులో చెంచా. గ్లాసు అడుగున తెల్లటి పొర. నిదానం గారు దాన్ని చూడనట్టే కుర్చీలో కూర్చుని, చల్లగాలికి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి, పక్కింటివాళ్ళ పసిపిల్లకి జ్వరమొస్తే పలకరించే గొంతుతో అడిగాడు.

"వాళ్ళకి బాగా నొప్పెట్టిందంటారా?"

"పెట్టదూ మరి!" ఆఫీసరు బల్ల గుద్దాడు. "పసివాళ్ళండీ! మూడువారాల పిల్లలు! ఆ ఇనప పట్టకారుతో నొక్కి, ఎదురుగా 'గాయపడినవి' అని బోర్డు కూడా పెట్టి, చేతులు దులుపుకుని ఇంటికి పోతే..."

అక్కడ ఆగాడు.

"ఎవరినండీ పసివాళ్ళంటున్నారు?" అంది మరదలు, నవ్వు ఆపుకోలేక.

ఆఫీసరు మీసం రెండు వైపులా కిందికి వాలింది. "మీరెలా పట్టారు?"

"మొక్కల్ని అందరూ 'అవి' అంటారండీ," అన్నాడు నిదానం గారు. "డాక్టరమ్మ కూడా 'అవి' అనే అంటుంది, పెంచింది ఆవిడే అయినా. మీరొక్కరే 'వాళ్ళు' అన్నారు."

ఆఫీసరు రెండో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "లాఠీ పట్టుకుని బతికినవాణ్ణి. ఎంతమందిని ఏడిపించానో నాకే లెక్కలేదు. ఇక్కడ ఉద్యోగమంటే హాయిగా ఉందనుకున్నా. రోజూ సాయంత్రం వాళ్ళ మధ్య నడిస్తే ప్రాణం లేచొచ్చేది. సోమవారం కొత్తగా పెట్టిన ఆ బోర్డు చూశాను. గాయమంటే మరి నొప్పి తగ్గాలి కదా? చెంచాతో నూరి, నీళ్ళల్లో కలిపి, తలా ఒకటి పోశాను. చివరి ఇద్దరికీ లేకపోయింది. క్షమించండని కూడా చెప్పాను వాళ్ళకి."

"వాళ్ళే బతికారు," అంది మరదలు.

"తెలుసు!" ఆ మాట ఆయన నోట్లోంచి కాదు, కడుపులోంచి వచ్చింది. "బుధవారం పొద్దున చూస్తే నేను మందు పోసినవాళ్ళందరినీ పురుగులు తినేశాయి. నా మాత్రకీ దానికీ సంబంధమేముంటుంది? ఆ పిల్లే ఏదో చేసిందనుకున్నా. నిజంగా అలాగే అనుకున్నాను మాస్టారూ."

"నమ్ముతాను. కానీ నాలుగింటికి ఈ మాట కమిటీ ముందు చెప్పాలి."

"ఆ మొక్కలకి తలనొప్పి మాత్రలు వేశానని? అందరి ముందూనా? గేటు దగ్గర కుక్క కూడా నాకు సెల్యూట్ కొట్టదు ఇక!"

"మీరు చెప్పకపోతే ఆ అమ్మాయి దొంగ అవుతుంది," అన్నాడు నిదానం గారు. బెదిరించలేదు, బతిమాలలేదు. ఫ్యాను గాలి బాగుందన్నట్టే చెప్పి లేచాడు.

కమిటీ నాలుగింటికి వచ్చింది. ముగ్గురు. ఛైర్మన్ గారు నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ. పుల్లలైపోయిన పది మొక్కల్నీ, డాక్టరమ్మనీ, ఒకే చూపుతో చూసింది. "ఏమ్మా, చెప్పడానికేమైనా ఉందా?"

డాక్టరమ్మ నోరు తెరిచేలోగా, తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. ఆఫీసరు అటెన్షన్‌లో నిలబడ్డాడు. చూపు ఎదుటి అద్దాల గోడ మీద పెట్టి, తప్పు ఒప్పుకునే ముద్దాయిలా కాకుండా, పంచనామా చదివే పోలీసులా చెప్పేశాడు. "సోమవారం సాయంత్రం ఐదు నలభైకి, పై కనబరిచిన పదిమంది మొక్కలకి, తలకొక్క మాత్ర చొప్పున, నొప్పి తగ్గుటకు, నేనే పోశాను. డాక్టరమ్మ గారి తప్పేమీ లేదు. రిపోర్టులో నేను రాసింది తప్పు."

కమిటీలో ఒకాయన దగ్గు వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఛైర్మన్ గారు మాత్రం నవ్వలేదు. "మాట బాగుంది. రుజువు?"

రుజువుకి డాక్టరమ్మ ఐదు గాజు పళ్ళేలు తెచ్చింది. ఒక్కోదానిలో ఒకవైపు మాత్ర పోసిన మొక్క చిటారు ఆకు, రెండోవైపు మాత్ర అందని మొక్క ఆకు. మధ్యలో ఆకలిగా ఉన్న పురుగు. పెద్ద పెద్ద డిగ్రీలున్న ముగ్గురు మనుషులు ఊపిరి బిగబట్టి ఒక పురుగు భోజనం కోసం ఎదురుచూశారు. మొదటిది మాత్ర అందని ఆకు రుచి చూసి, వెనక్కి తిరిగి, అవతలి ఆకుని అంచునుంచి కరకర నమలడం మొదలుపెట్టింది. రెండోదీ అంతే. మూడోది, నాలుగోది కూడా. ఐదోది నిద్రపోయింది.

"ఐదోవారు కమిటీ సభ్యులై ఉండాలి," అని మరదలు గొణిగింది. నిదానం గారు ఆవిడ కాలు తొక్కాడు.

ఛైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఐదు పురుగులతో శాస్త్రం అవదమ్మా. ఈసారి మాత్ర పోసిన బల్ల ఒకటి, పోయని బల్ల ఒకటి, నువ్వే పద్ధతిగా పెట్టి మళ్ళీ చెయ్యి. ఇంకో ఏడాది ఇస్తున్నాను. ఆ రిపోర్టు చించెయ్యండి."

డాక్టరమ్మ అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా దాచుకున్నదంతా ఒక్కసారిగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. ఆఫీసరు ఏం చెయ్యాలో తెలియక జేబులోంచి రుమాలు తీశాడు. రుమాలుతోపాటు ఒక ఖాళీ మాత్రల షీటు కింద పడింది. మరదలు వంగి అందుకుంది. వెనక రాసింది చదివింది. ఆవిడ ముఖంలో నవ్వు ఎవరో తుడిచేసినట్టు పోయింది.

"ఇది తలనొప్పి మాత్ర కాదు. గుండె ఆపరేషనైనవాళ్ళకి రక్తం గడ్డకట్టకుండా రోజూ వేసుకోమని ఇచ్చేది. ఎవరికి రాశారండీ ఇది?"

"నాకే," అన్నాడు ఆఫీసరు. "మందు ఒకటేగా?"

"మందు ఒకటే. ఈ షీటు మొక్కలకి పోసేస్తే, సోమవారం నుంచీ మీరేం వేసుకున్నారు?"

"కొందామనుకున్నా... వాళ్ళ సంగతి తేలాక..." ఆయన నుదుటి మీద పట్టిన చెమట అందరి ముందూ ఒప్పుకున్న సిగ్గు వల్ల కాదని నిదానం గారికి అప్పుడు అర్థమైంది. ఆఫీసరు ఎడమచేత్తో బల్ల అంచు వెతుక్కున్నాడు. దొరకలేదు.

నిదానం గారు జీవితంలో మొదటిసారి తొందరపడ్డాడు. ఆయన విసిరినట్టు ముందుకి జరిపిన స్టూలు మీద ఆఫీసరు కూలబడ్డాడు. మరదలు హ్యాండ్‌బ్యాగు బల్ల మీద బోర్లించింది. గొడుగు, దువ్వెన, బస్సు టిక్కెట్లు, వాటన్నిటి కింద అదే మందు షీటు ఒకటి. మాత్ర చింపి ఆయన నోట్లో పెట్టింది.

"మింగకండి. నమలండి. గట్టిగా!"

కమిటీలో ఒకాయన అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాడు. ఛైర్మన్ గారు తన ఫైలుతో ఆఫీసరుకి విసురుతోంది. డాక్టరమ్మ ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది. రెండు రోజులుగా తనని దొంగ అన్న మనిషి చేతులవి.

ఆయన నములుతూనే, ముఖం చిట్లించుకుంటూ, చాలా ముఖ్యమైన సంగతి చెప్పేవాడిలా ముందుకి వంగాడు.

"అమ్మా... మళ్ళీ గాయం చేస్తావుగా? కాస్త మెల్లగా నొక్కు."

"మీరే దగ్గరుండి చెప్పండి, ఎంత మెల్లగానో," అంది డాక్టరమ్మ, చేతులు వదలకుండా. "మీరు వచ్చేదాకా నేను పట్టకారు ముట్టను."

గేటు దగ్గర అంబులెన్సు హారన్ మోగింది. అప్పుడు అందరికీ ఒకేసారి తట్టింది, గేటు తాళాలు ఆఫీసరు జేబులోనే ఉన్నాయని. నిదానం గారు ఆ గుత్తి అందుకుని, బల్ల మీది గొడుగు వదిలేసి, పరుగెత్తాడు.